ఒడ్డున దిగని మూలపురుషుడు

మా నగరానికి ఆ పేరు ఎలా వచ్చిందో ఎట్టకేలకు అధికారికంగా నిర్ణయించబడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇన్నాళ్లూ వీధికో కథ చెప్పుకుంటూ, ఏ కథనీ నమ్మకుండా, హాయిగా బతికేశాం. మా ఏటికి ఎగువనున్న నగరంవాళ్లు తమ మూలపురుషుడికి విగ్రహం పెట్టుకున్నారని తెలిశాక మా నగరాధ్యక్షులవారికి కంటి మీద కునుకు కరువైంది.

"పేరుంది, పెట్టిన పెద్దమనిషి లేడు! ఇంతకన్నా తలవంపులేముంటాయి?" అని వారు సభలో గద్గద స్వరంతో ప్రశ్నించారు. రిటైరైన చరిత్ర మాస్టారికి ఆ లోటు పూడ్చే బాధ్యత అప్పగించారు. సభ తీర్మానం ప్రకారం, మూలపురుషుడు పడవ దిగి మొదట కాలు మోపిన చోటే విగ్రహం వెలుస్తుంది. అక్కడ ఏ కట్టడం ఉన్నా కూల్చేస్తారు.

మాస్టారి ఇల్లు ఏటి ఒడ్డునే. "ఏవండీ, ఆ మహానుభావుణ్ణి ఎక్కడైనా దింపండి గానీ మన వాకిట్లో దింపకండి" అంది ఆయన భార్య. ఒడ్డునున్నవాళ్లంతా ఆయన గుమ్మం ముందు క్యూ కట్టారు. "ఆయనకి గడ్డమే రాలేదని రాయండి మాస్టారూ, మా కొట్టు దగ్గర ఆగే పనుండదు" అని సెలూన్ యజమాని బతిమాలాడు. పడవలు బాగుచేసే వడ్రంగి, ఆ పడవకి చిల్లు పడలేదని మాట తీసుకుంటే గానీ కదల్లేదు. మాస్టారు మెత్తని మనిషి. ఎవరినీ కాదనలేక మూలపురుషుణ్ణి అసలు పడవే దిగనివ్వలేదు. ఆయన ఏటి మధ్యనుంచే ఒడ్డును చూసి, మురిసిపోయి, పేరు పెట్టి, తన దారిన తాను వెళ్లిపోయాడు. ఈ చరిత్రను సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ సాయంత్రం సెలూన్ యజమాని మాస్టారికి ఊరికే గడ్డం గీశాడు.

ఏటి మధ్య విగ్రహం వెలిసింది. చేయి చాపి, ఊరిని చూసి మురిసిపోతున్న భంగిమ. తీరా చూస్తే ఊరు కనిపించకుండా ఒడ్డున ఇళ్లు అడ్డొచ్చాయి. మూలపురుషుడి చూపుకు అడ్డం నిలవడం మహాపచారమనీ, ఆ వరుసంతా కూల్చాలనీ ఉత్తర్వు వచ్చింది. వరుసలో మొదటిది మాస్టారి ఇల్లు.

మాస్టారు సభకు పరుగెత్తారు. "అయ్యా, ఆయన్ని నేనే కల్పించాను! అలాంటి మనిషే లేడు. నా కొంప కూల్చకండి!" అని మొరపెట్టుకున్నారు.

అధ్యక్షులవారు కళ్లు తుడుచుకుని, మాస్టారు రాసిన చరిత్రనే మాస్టారికి చదివి వినిపించారు. ఇల్లు పోతుందన్న దిగులుతో పెద్దాయనకు మతి చలించిందని జాలిపడ్డారు. మేం మాత్రం ఊరుకోలేదు. "మా మూలపురుషుణ్ణే లేడంటారా?" అని సభ దద్దరిల్లేలా అరిచాం. అందరికన్నా గట్టిగా అరిచింది సెలూన్ యజమాని. ఆ వరుసలో అతని కొట్టు కూడా ఉంది.

ఇప్పుడు ఒడ్డు విశాలంగా, శుభ్రంగా ఉంది. మాస్టారు దంపతులు అద్దె గదిలో ఉంటున్నారు. మూలపురుషుడి పేరిట ఏటేటా జరిగే సభలో ఆయనకు వేదిక మీద కుర్చీ కూడా వేస్తున్నాం. ఇదంతా చదివి మమ్మల్ని చూసి నవ్వుకుంటున్నారా? నవ్వుకోండి. మీ ఊరికి పేరు పెట్టిన మహానుభావుడు అసలు లేనేలేడని ఎవరైనా అన్ననాడు, ముందుగా లేచేది ఎవరి గొంతో అప్పుడు చూద్దాం.