మంచం కింద పట్టని డిస్కు ప్లేయరు

రెండు వేల ఏడులో హైడెఫినిషన్ డిస్కు ప్లేయరును హైదరాబాదు నుంచి వికారాబాదు దాకా రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కాళ్ళు తిమ్మిరెక్కి, స్టేషన్లో ఇద్దరు పట్టుకుని దింపాల్సి వచ్చింది. ప్లేయరునా, నన్నా అని అడగకండి, రెండింటినీ.

పక్కింటి మొగులమ్మ దాన్ని చూసి నా భార్య రాహేలమ్మను అడిగింది, "గిందుల ఏం వండుతరు బిడ్డా?" అని.

ఏడాది తిరక్కముందే ఆ రకం డిస్కులు రావడం ఆగిపోయింది. అయినా మామూలు డిస్కులు ఆడేది. మా అమ్మాయి కెజియా నాలుగేళ్ళప్పుడు చర్చిలో బైబిలు వాక్యం చెప్పిన డిస్కు ఉంది. ఇప్పుడు దాన్ని చూడాలంటే మాకు ఈ డబ్బా ఒక్కటే దిక్కు.

మొన్న డిసెంబరులో, క్రిస్మస్‌కు ఇంటికి రంగులు వేయిస్తూ రాహేలమ్మ పాత పాటే ఎత్తుకుంది.

"ఏమయ్యా యోబూ, ఈసారి గా డబ్బా పాత సామాన్లకు పోవాలె."

"గది నా పానం, రాహేలూ."

"నీ పానం గంత బరువా?"

అదే రోజు వీధిలో పాత సామాన్లాయన కేక వినబడింది. రాహేలమ్మ చర్చిలో పాటలు నేర్చుకోవడానికి వెళ్ళగానే డబ్బాను గోనెసంచిలో పెట్టి, తాండూరు బస్సెక్కి, దోస్తు నజీర్ ఇంట్లో దించాను.

"మంచం కింద పట్టదు భాయ్," అన్నాడు నజీర్.

"అల్మారాల?"

"అల్మారాల పెడితే నా బట్టలు బయట పండాలె."

చివరికి మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి లోపలికి తోశాం. ఇంటికొచ్చి, డబ్బాను అమ్మేశానని చెప్పాను. రాహేలమ్మ తలూపి, పొయ్యి మీద కూర కలుపుకుంది. నాకు భయం వేసింది అప్పుడే.

పండక్కి రెండు రోజులుంది. ఇరవై మంది చుట్టాలు, బిర్యానీ, పెరుగు చట్నీ. చలికి తోడేసిన పాలు పాలలాగే ఉన్నాయి. రాహేలమ్మ తోడు మార్చింది, పాలు మార్చింది, గిన్నెకు నా దుప్పటి కూడా కప్పింది.

"పెరుగెందుకు తోడుకుంటలేదు?" అన్నాను.

"పదిహేనేండ్ల సంది చలికాలమంత గా డబ్బా మీదనే తోడేస్తున్న. డిస్కు ఆడితే వెచ్చగుంటది."

చలికాలంలో డబ్బా మీద ఉండే గుడ్డను దుమ్ము పడకుండా కప్పిందనుకున్నాను నేను.

"మరి పాత సామాన్లకు ఇయ్యమంటివి?"

"ఏడాదికోసారి గట్లంటెనే నువ్వు దాన్ని తుడుస్తవ్."

"అమ్మేసిన కదా, ఇప్పుడెట్ల?"

"నజీర్ పెండ్లాం షమ్సున్నీసా ఫోన్ చేసింది. మంచం ఎత్తయి నజీర్ వాళ్ళమ్మ ఎక్కలేక కిందనే పంటున్నదంట. పొద్దుగాల పోయి తీస్కరా."

మళ్ళీ ఒళ్ళో డబ్బా, మళ్ళీ తిమ్మిర్లు. సాయంత్రం దాన్ని పాత చోటనే పెట్టాను. రాహేలమ్మ పైన పాలగిన్నె పెట్టి, గుడ్డ కప్పి, కెజియా డిస్కు నా చేతికిచ్చింది. కెజియా బెంగళూరులో నర్సింగు చదువుతోంది. పండక్కి సెలవు దొరకలేదు.

"ఆపకు, వేడి తగ్గుతది," అంది.

తెర మీద కెజియా సగం వాక్యం చెప్పి, మిగతాది మరిచిపోయి, అమ్మ కోసం వెతుక్కుంటోంది. అయిదు సార్లు చూశాం.

"ఇన్నేండ్లు గీ డిస్కు పెట్టమన్నది బిడ్డ కోసమా, పెరుగు కోసమా?" అని అడిగాను.

"పెరుగు కోసమే," అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "మల్ల మొదటికెల్లి పెట్టు. ఇంక తోడుకోలే."

ఆమె చూడకుండా గుడ్డ ఎత్తి చూశాను. గట్టిగా తోడుకుని ఉంది. గుడ్డ కప్పేసి, మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.