నంబరు మాత్రం ఉచితం

హుస్నాబాద్ ప్రజల చిరకాల కష్టం తీరిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఏ దుకాణం నంబరు కావాలన్నా ఇకమీదట ఎవరినీ అడగనక్కరలేదు. ఊరి పేరు, పని పేరు వర్తక సంఘానికి మెసేజ్ పెడితే చాలు, నంబరు సెల్‌లోకి వచ్చి పడుతుంది. మెసేజ్ ఉచితం, నంబరు ఉచితం.

వర్తక సంఘం అధ్యక్షులు దామోదర్‌రావు ప్రారంభోత్సవం చేశారు. మెసేజ్‌కు రిబ్బన్ ఎక్కడ కట్టాలో తెలియక సెల్‌ఫోన్‌కే కట్టి కత్తిరించారు. "ఇయ్యాల్టి సంది మన హుస్నాబాద్‌ల ఒగనికొగడు దూరం లేడు!" అని గర్జించారు.

ఊరికి పండగ వచ్చింది. గడ్డం గీయించుకుంటున్న ఒకాయన, గీస్తున్నవాడి నంబరే తెప్పించుకున్నాడు. అది సరైనదో కాదో మంగలి చూసి చెప్పేదాకా కత్తి గొంతు మీదే ఆగింది. లీలాబాయి కరీంనగర్ గుండె డాక్టర్లందరి నంబర్లూ తీసుకుంది. ఆమె గుండె గట్టిది. "ఉట్టిగ ఇస్తుంటె ఎవలన్న ఇడిసిపెడ్తరా?" అంది. గుంట భూమి లేనివాళ్లు బోరు లారీ నంబరు దాచుకున్నారు. సెల్‌లో జాగా చాలక అత్తగారి నంబర్లు తీసేశారు. చచ్చిపోయినవాళ్ల నంబర్లు అంతకుముందే పోయాయి.

చిన్న చిక్కు ఒకటుంది. ఫోన్ చేస్తే మాత్రం పైసలు పడతాయి. హుస్నాబాద్ అంత అమాయకమైన ఊరు కాదు. ఒకసారి మోగించి కట్ చేస్తే, అవసరం ఉన్నవాడు తానే చేస్తాడు. అవసరం ఎదుటివాడిదేనని ఇరువైపులా గట్టి నమ్మకం.

ఇలాంటి మంచి రోజుల్లో రైతు లక్ష్మీరాజం పొలం మోటరు కాలిపోయింది. వరి పొట్ట మీద ఉంది. వారంలోపు నీళ్లు పారకపోతే గింజ పట్టదు. అతను మోటరును ఆటోలో వేసుకొచ్చి ఐలవ్వ చాయ్ హోటల్ ముందు దించాడు. రోడ్డుకు అటువైపు సర్దార్ మోటరు వైండింగ్ దుకాణం.

లక్ష్మీరాజం మెసేజ్ పెట్టాడు. సర్దార్ నంబరు వచ్చింది. మోగించి కట్ చేశాడు. ఎదురుగా సర్దార్ జేబు మోగింది. సర్దార్ సెల్ చూశాడు, లక్ష్మీరాజాన్ని చూశాడు, తనూ మోగించి కట్ చేశాడు.

"ఓ లచ్చిరాజం, గాయినె ఎదురుంగనే ఉండె. ఒక్క కేకెయ్యరాదు?" అంది ఐలవ్వ.

"కేకేస్తె ఇగ నంబర్ ఎందుకవ్వా? ఆయినె జేస్తడు తియ్."

చాయ్ ఇవ్వడానికి వెళ్లి ఆమె సర్దార్‌నూ అడిగింది.

"దుకాణంపోడే గిరాకికి ఫోన్ జేస్తె బజార్ల ఏమంటరవ్వా? పని లేక కూసున్నడంటరు."

అతను పని లేకనే కూర్చున్నాడు.

"ఇద్దరికిద్దరు నవాబులే," అని ఐలవ్వ గ్లాసులు కడుక్కుంది.

మర్నాడూ ఇద్దరూ వేళకు వచ్చి కూర్చున్నారు. ఆ మర్నాడూ అంతే. చూడటానికి జనం మూగారు. బస్సు ఆపి డ్రైవరు కూడా చూశాడు. సర్దార్ పక్షం, లక్ష్మీరాజం పక్షం ఏర్పడ్డాయి. ఏ పక్షమూ మోటరును రోడ్డు దాటించలేదు.

విషయం తెలిసి దామోదర్‌రావు శాలువాలతో వచ్చారు. "మన నంబర్లను గింతగనం ఎవలన్న వాడిండ్రా? అదీ ఒక్క పైస ఖర్చు లేకుంట! జర చప్పట్లు కొట్టుండ్రి!" సన్మానితులు భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడి ఫొటో దిగారు. మోటరుకూ ఒక దండ పడింది. దాని సంగతి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. సభామర్యాద.

వారం తిరిగేసరికి వరి తెల్లబడింది. లక్ష్మీరాజం గింజ లేని పైరు కోసి గడ్డి అమ్మకానికి పెట్టాడు.

ఊరు చలించిపోయింది. ఆ సాయంత్రం ఊరంతా అతనికి మిస్డ్ కాల్ ఇచ్చి ఓదార్చింది. మొదటిది సర్దార్‌దే.

మీరూ ఓదార్చదలిస్తే 'హుస్నాబాద్, గడ్డి' అని మెసేజ్ పెట్టండి. నంబరు ఉచితంగా వస్తుంది. ఒక్క హెచ్చరిక. ఈ మధ్య అతను ఫోన్ ఎత్తేస్తున్నాడు. చప్పున కట్ చేయండి.