ఫాదర్ దీవించిన ట్రాక్టరు

పదకొండింటికల్లా దున్నుడు పోటీకి చేరాలి, ఈసారైనా కప్పు కొట్టాలి. ఆ సోమవారం పొద్దున ఫీలిమ్ వేసుకున్న పథకం ఇంతే. తొమ్మిదేళ్లుగా టిప్పరేరీ జిల్లా పాత ట్రాక్టర్ల కప్పు పక్కింటి మలకీ బీరువా మీదే ఉంది. ఫీలిమ్‌కి డెబ్భై రెండేళ్లు. వచ్చే ఏడుదాకా ఆగే ఓపిక ఆయనకు లేదు.

ఇంజను చక్కగా స్టార్టయింది. వెనక తగిలించిన నాగలి మాత్రం నేల వదల్లేదు. లిఫ్టు పిడి పైకి లాగాడు, కిందికి నొక్కాడు, నోటికొచ్చినట్టు తిట్టాడు. ఊహూఁ!

"నిన్న చర్చి దగ్గర దీవెనకి తీసుకెళ్తే బుద్ధిగా లేచిందే!" అని తల పట్టుకున్నాడు.

ఆ తిట్లు విని మలకీ గోడ దాటి వచ్చాడు. "నూనె చెడింది. తీసెయ్."

తీశారు. నూనె శుభ్రంగా ఉంది. మళ్ళీ పోశారు. నాగలి లేవలేదు.

"అయితే నాగలిని లేపే పంపు పోయింది."

"నిన్న బాగుందిగా?"

"నిన్న నా నడుమూ బాగుంది. ఇవాళ పట్టెయ్యలా?"

ఫీలిమ్ భార్య అట్రాక్టా టీ తెచ్చి ట్రాక్టరుకేసి చూసింది. "ఎడమపక్క ఆ చిన్న పిడి..."

"అది గడ్డి మిషన్లు తిప్పేదమ్మా. నాగలికేం సంబంధం? నువ్వు టీ పొయ్యి" అంటూ మలకీ నాగలి మీద చతికిలబడ్డాడు.

పదిన్నరకి ఫాదర్ కల్లినన్ అటుగా వచ్చాడు. "నిన్నటి దీవెన పట్టినట్టు లేదు ఫాదర్" అన్నాడు ఫీలిమ్ ఏడుపుగొంతుతో. ఆయన నొచ్చుకుని, మళ్ళీ సీటెక్కి నిలబడి ప్రార్థన చదివి, తడబడుతూ దిగాడు. ఫీలిమ్ ఇంజను తిప్పాడు. నాగలి మలకీతో సహా పైకి లేచింది.

"అద్భుతం!" అని గాల్లోంచే కేకపెట్టాడు మలకీ. కిందికి దిగీ దిగగానే, "నా ట్రాక్టరూ దీవించండి ఫాదర్, నిన్న తీరిక లేక రాలేకపోయా" అని ఆయన్ని చెయ్యిపట్టుకుని తీసుకుపోయాడు.

అట్రాక్టా మొగుడి చెవిలో చెప్పింది. "నిన్న ఫాదర్ బూటు తగిలి ఆ చిన్న పిడి పక్కకి జరిగింది. ఇవాళ మళ్ళీ తగిలి చోటుకి వచ్చింది. పంపు తిరిగేది దాంతోనేనయ్యా. చెబుతుంటే వింటేగా!"

ఫీలిమ్ ట్రాక్టరెక్కి పోటీకి బయల్దేరాడు.

పదకొండింటికి పోటీ చేలో మలకీ నాగలి నేలకి అతుక్కుపోయింది. "నిన్నటిదాకా బాగుందే!" అంటూ జుట్టు పీక్కున్నాడు.

ఫీలిమ్ అతని ట్రాక్టరు ఎడమపక్క చిన్న పిడికేసి చూశాడు. తొమ్మిదేళ్లూ గుర్తొచ్చాయి.

"ముందు నూనె తీసి చూడు మలకీ" అన్నాడు.