తల్లీ, ఇది తినకు!

కడుపుతో ఉన్న ఆడదాని కంచంలో విషం వెతికే పెద్దమనుషుల్లారా, మీ పనివాడి చొక్కా జేబు ఒక్కసారైనా దులిపి చూశారా? చూడరు. దులిపితే రాలేది మీ బండారమే.

ఆ ఉదయం కోడలి ఆలోచన చాలా చిన్నది. రెండు ఉడికించిన గుడ్లు, గ్లాసుడు పాలు, ఆపైన ఓ కునుకు. ఆమెకు ఐదో నెల. రక్తంలో సీసం కాస్త ఎక్కువుందని, బిడ్డ మెదడుకు అది మంచిది కాదని, నెలకల్లా మళ్ళీ పరీక్షకు రమ్మని డాక్టరమ్మ చెప్పింది. గుడ్డు పెంకు తీస్తుండగా భర్త రాత్రి పని ముగించుకుని వచ్చాడు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే కార్ఖానాలో పని. తల నుంచి కాలి దాకా బూడిద రంగు. జేబులోంచి ఒక పుస్తకం తీశాడు.

"మా ఓనరు దేవుడే! నీలా కడుపుతో ఉన్నవాళ్ళ కోసమే అచ్చేయించాడు. కొలిమి పక్క గది నిండా కట్టలే!"

పుస్తకం పేరు 'తల్లీ, ఇది తినకు!' ఎనభై పేజీలు, అన్నీ అంటుకుపోయి ఉన్నాయి. కోడలు వేలు నాలుకకు తాకించి తిప్పింది.

అత్త కళ్ళజోడు సవరించుకుని విషయసూచిక చూసింది. "ఆగమ్మాయ్! గుడ్డు పన్నెండో పేజీలో ఉంది. కింద పెట్టు."

"పోనీ పాలు, అత్తయ్యా?"

"నలభయ్యో పేజీ చూడు."

వేలు తడిపింది, తిప్పింది. పాలూ పోయాయి.

మర్నాడు చేపలు, ఆ మర్నాడు ఆకుకూరలు. వారం తిరిగేసరికి, వాటిలోనూ విషమే అని పుస్తకం చెప్పిందని, గిన్నెలన్నీ పాత సామాన్లవాడి బండెక్కాయి. అర్థంకాని చోటల్లా భర్త పుస్తకాన్ని జేబులో పెట్టుకుని కార్ఖానాకు తీసుకెళ్ళి, ఓనరును అడిగి, అంచుల్లో రాసుకొచ్చేవాడు. కోడలు ఆకలితో నకనకలాడుతూ, తినగలిగేది ఏదైనా మిగిలిందేమోనని రోజుకు నాలుగుసార్లు పుస్తకమంతా వేలు తడిపి తడిపి తిరగేసేది.

"మంచినీళ్ళైనా తాగనిస్తారా అత్తయ్యా?"

"డెబ్భయ్యో పేజీ చూసి చెప్తానుండు."

నెల తిరిగింది. సీసం రెండింతలైంది.

"దొంగతనంగా ఏదో తిన్నావు కదూ?" ఆసుపత్రిలోనే అరిచాడు భర్త.

"ఇంట్లో ఏం మిగిలిందని తినను? ఈ పుస్తకమా?" అంటూ ఆమె దాన్ని బల్లమీద పడేసి, అలవాటుగా వేలు నాలుక దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. పేజీల నిండా ఉన్న బూడిద వేలిముద్రలు చూసింది. తర్వాత భర్త చొక్కా చూసింది.

"పుస్తకమే తింటోందయ్యా! దీనికంటిన ఈ దుమ్మంతా సీసమే. గుడ్లూ పాలూ మాన్పిస్తే ఒళ్ళు సీసాన్ని ఇంకా గట్టిగా పీల్చుకుంటుంది. అది సరే, నువ్వు స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికి రావా?"

"ఎక్కడ చేస్తామండీ? కార్ఖానాలో స్నానాల గది నిండా ఈ పుస్తకాల కట్టలేగా!"

కోడలు ఇంటికి పోలేదు. దారిలో మూడు గుడ్లు తిని, తిన్నగా కార్ఖానాకు వెళ్ళి ఓనరు బల్ల ముందు నిలబడింది. వెనకాల భర్త తల దించుకుని నిలబడ్డాడు.

"అయ్యా, ఈ పూటే ఆ గది ఖాళీ చేయించండి. నీళ్ళు రావాలి, సబ్బుండాలి. పని బట్టలు ఇక్కడే విప్పాలి, ఇక్కడే ఉతికించాలి. ఇక్కడ పనిచేసేవాళ్ళ పెళ్ళాంబిడ్డలందరికీ రక్తపరీక్షలు మీరే చేయించాలి."

"అన్ని పుస్తకాలు ఎక్కడ పెట్టమంటావమ్మా?"

"మీ ఇంట్లో పెట్టుకోండి."

ఓనరు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "అమ్మో! ఇంట్లో చిన్నపిల్లలున్నారు!"

"మా ఇంటికీ ఒకరు వస్తున్నారు. గది తాళం తియ్యండి."