గాజు పళ్లెం కింద మైకు

ఆ శనివారం వెర్నన్ స్టకీ పెళ్లికొడుకులా నిద్ర లేచాడు. నారింజ రంగు పొట్టి కోటును రాత్రే ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించుకున్నాడు. అది తొడుక్కుని, ట్రక్కులో కూర్చుని, రేడియో పనిచేస్తోందో లేదో చూసుకుని, ఆ ఉత్సాహంలో మైకును కొక్కేనికి తగిలించకుండా పక్క సీటు మీద పడేసి ఇంట్లోకి వచ్చాడు. బెల్నాప్ ఊరి రేడియో క్లబ్బు ఏటా ఏప్రిల్‌లో జరిపే టోర్నడో అభ్యాసం, అంటే సుడిగాలిని గుట్టల మీంచి కనిపెట్టి రేడియోలో చెప్పే సాధన, ఆ రోజే. తపాలా ఉద్యోగం చేసి రిటైరైన వెర్నన్‌కు ఆ క్లబ్బే లోకం.

"లవోన్, ఇవాళ ఏ తేడా రాకూడదు. కోర్టు కింద మా గది దక్కాలన్నా పోవాలన్నా ఇవాళే" అన్నాడు భార్యతో.

"గది సంగతి దేవుడెరుగు, నా కారు రిపేరు షెడ్డులో ఉంది. నీ ట్రక్కు నే తీసుకెళ్తా. మీ వీరులందరికీ చర్చిలో మధ్యాహ్నం భోజనం పెట్టొద్దూ?" అంది ఆవిడ.

"తీసుకెళ్లు. రేడియో జోలికి మాత్రం పోకు."

"పోయి ఏం చేసుకోను? కాపురానికొచ్చిన కాణ్ణుంచీ దానికి సవతిగా బతుకుతున్నా, చాల్లే!"

వెర్నన్ కోర్టుకు నడుచుకుంటూ వెళ్లాడు. కాసేపటికి లవోన్, పొయ్యిలోంచి అప్పుడే తీసిన చికెన్ నూడుల్స్‌ను పెద్ద గాజు పళ్లెంతో సహా తువ్వాలులో చుట్టి, ట్రక్కు సీటు మీద జాగ్రత్తగా పెట్టుకుంది. పళ్లెం కింద మైకుందని ఆవిడ చూసుకోలేదు.

కోర్టు నేలమాళిగలోని క్లబ్బు గదిలో, జిల్లా పాలన చూసే కౌంటీ కమిషనర్ డోయల్ క్రెబ్స్ అప్పటికే వచ్చి కూర్చున్నాడు. కమిషనర్లు ముగ్గురూ సోమవారం సమావేశమై, ఆ గదిని క్లబ్బు దగ్గరే ఉంచాలా, లాక్కోవాలా తేల్చబోతున్నారు. లాక్కుందామన్న ఆలోచన డోయల్‌దే.

"వెర్నన్ గారూ, మీ శ్రమను నేను కాదనను. కానీ ఈ ఫోనుంది చూశారూ, ఇందులో మబ్బు కనిపిస్తుంది, గాలి కనిపిస్తుంది, మా అమ్మ పెరట్లో ఉడత కూడా కనిపిస్తుంది. మీరు చెప్పేదేంటి కొత్తగా? పైన కౌంటీ కుర్చీలు పెట్టుకోడానికి చోటు లేక చస్తున్నాం."

"అందరూ ఒక్కసారే భయపడ్డ రోజున ఫోను పలకదండీ."

"పలకని రోజొస్తే అప్పుడు చూద్దాం లెండి!"

అంతలో రేడియో మోగింది. "ఇది అభ్యాసం. పడమటి గుట్ట మీంచి హార్లన్‌ని. టోర్నడో నేలకి దిగింది. ఇది అభ్యాసం." వెర్నన్ ఛాతీ రెండింతలైంది. జవాబు చెబుదామని బటన్ నొక్కబోయేసరికి రేడియోలోంచి బర్రుమని ఇంజను చప్పుడు, దాని వెనక ఒక పశువుల కాపరి ప్రేమపాట, ఆ పాటకు శ్రుతి కలవని కూనిరాగం వినిపించాయి.

ఆ చానల్లో ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. ఎవరి మైకు బటనైనా నొక్కుకుపోయి ఉండిపోతే జిల్లా మొత్తానికీ నోట్లో గుడ్డ కుక్కినట్టే. అలాంటప్పుడు లైను దానంతట అదే తెగిపోయే ఏర్పాటు ఒకటి ఉంది గాని, అది నిరుడే పాడైతే బాగుచేయించడానికి కమిటీ వేశారు. రెండో చానల్‌కు మారమని చెప్పవచ్చు. కానీ ఆ మాట మొదటి చానల్లోనే చెప్పాలి.

"పాట బావుందండీ. ఇదేనా అత్యవసర సేవ?" అన్నాడు డోయల్.

"ఎవడో బుద్ధిలేనివాడు మైకు మీద కూర్చున్నాడు! దొరకనీ, వాడి లైసెన్సు నమిలి మింగేస్తా!" అని వెర్నన్ బల్ల గుద్దాడు. పాపం, చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

గుట్టల మీద ఉన్న హార్లన్‌కూ మిగతా సభ్యులకూ ఈ చప్పుడు చెవిన పడగానే ఒళ్లు పులకరించింది. దొంగ సిగ్నల్‌ను వేటాడి పట్టుకోవడం రేడియోవాళ్లకు చేపల వేట కన్నా ప్రియమైన ఆట. టోర్నడో ఎలాగూ ఉత్తుత్తిదే, ఇది అసలుది! ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే, అందరూ యాంటెనా తీగల గొట్టాలు కిటికీల్లోంచి చాచి దిక్కు పట్టారు. సిగ్నల్ ఊళ్లోంచే వస్తోంది. అంతే, బళ్లన్నీ దుమ్ము రేపుకుంటూ ఊళ్లోకి దూసుకొచ్చాయి.

ఇక్కడే కొంప మునిగింది. బెల్నాప్‌లో సైరన్ మోగితే ఎవరూ దాక్కోరు. కాఫీ కప్పు పట్టుకుని వసారాలోకి వచ్చి ఆకాశం చూస్తారు. రేడియో క్లబ్బువాళ్లు మబ్బుకేసి బండి తోలుతుంటే, "వెళ్తున్నారు పిచ్చాళ్లు" అనుకుని మళ్లీ కాఫీ పోసుకుంటారు. అలాంటిది, మబ్బుకు ఎదురెళ్లే ఆ మనుషులే వెనక్కి తిరిగి ప్రాణాలు అరచేత పట్టుకున్నట్టు పరిగెత్తుకు రావడం ఆ ఊరు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"హార్లనే పారిపోయొస్తున్నాడంటే అదెంత పెద్దదై ఉండాలే!" అని మంగలి షాపులోంచి ఒకాయన సగం గడ్డంతో బయటపడ్డాడు. ఆయన్ని చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి పక్కవీధివాళ్లు పరిగెత్తారు. జనం పరుగు చూసి ఫైర్ స్టేషన్‌వాళ్లు సైరన్ వేశారు. సైరన్ విని పరుగు రెట్టింపైంది. పడమట పిడికెడు మబ్బు తప్ప ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. అయినా పైకి చూసే తీరిక ఎవరికుంది? ఊరంతా పిల్లల్నీ కుక్కల్నీ, క్లబ్బువాళ్ల మాటలు వినిపించే స్కానర్ రేడియోలనూ చంకన పెట్టుకుని నేలమాళిగల్లోకి దూరింది.

కోర్టు కింద డోయల్ ముఖంలో నవ్వు మాయమైంది.

"సైరన్ కూడా మీ అభ్యాసమేనా?"

"కాదండీ" అన్నాడు వెర్నన్. నిజంగానే వస్తోందేమో, తన మనుషులు గుట్టల మీద ఉన్నారు, లవోన్ రోడ్డు మీద ఉంది!

డోయల్ తల్లికి ఫోన్ చేశాడు. తొంభైకి దగ్గరపడిన ఇనెజ్ ఒంటరిగా ఉంటుంది. ఫోన్ మోగలేదు. మళ్లీ చేశాడు. ఊరంతా ఒక్కసారే చేస్తుంటే ఆ ఫోను మాత్రం ఏం చేస్తుంది? నేలమాళిగలో అటూ ఇటూ తిరుగుతూ దాన్ని ఊపాడు, తట్టాడు, చివరికి బతిమాలాడు.

"వెర్నన్ గారూ, మీ రేడియోలో అడగండి. మా అమ్మ... ఆవిడ మెట్లు దిగలేదండీ!"

వెర్నన్ బటన్ నొక్కాడు. లాభం లేదు, ఆ కూనిరాగమే. ఇంతలో రాగం ఆగి, తలుపు చప్పుడైంది.

"ఇనెజమ్మ గారూ, ఎక్కండెక్కండి! ఊరంతా పరిగెడుతోంది!"

అది తన భార్య గొంతు. వెర్నన్ బటన్ వదిలేశాడు. బుద్ధిలేనివాడెవడో తెలిసిపోయింది.

"కంగారు పడకే లవోన్, మోకాళ్లు రావాలిగా" అంది ఇంకో గొంతు, తాపీగా.

"అమ్మ!" అంటూ డోయల్ కుర్చీలో కూలబడ్డాడు. అరవై ఏళ్ల మనిషి, చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"మీ ఇంటి నేలమాళిగలోకే దిగొచ్చుగా?" అంది రేడియోలో లవోన్.

"ఎక్కడ దిగనూ? దాన్నిండా మావాడి ఎన్నికల బోర్డులే. 'మీ భద్రతే నా బాధ్యత' అని రాసున్నాయి. వాటి మీద పడుకుని చావాలి."

డోయల్ ముఖం ఎర్రబడింది. ఊళ్లో, స్కానర్లు పట్టుకుని చీకట్లో కూర్చున్న జనానికి ఇదంతా వినడం కన్నా వేరే పని లేదు.

"కోర్టు కిందకి పోదాం. మా ఆయన గదుందిగా" అంది లవోన్.

"అదా? అది కూడా కుర్చీలకి కావాలన్నాడు మావాడు. చిన్నప్పుడు ఉరిమితే నా మంచం కిందకి దూరేవాడు. ఇప్పుడు ఊరోళ్లని ఎక్కడ దూరమంటాడో అడగాలి. అబ్బ, ఏం వాసనే! ఏం వండావు?"

"చికెన్ నూడుల్స్. మన వెనకెవరో వస్తున్నారు చూడండి... హార్లన్! వాడి వెనక ఇంకా ఉన్నారు! నేనేం చేశానని తరుముతున్నారు?"

"తోలవే తోలు! నన్ను తరిమినవాడు లేక చాలా ఏళ్లయింది!"

లవోన్ ట్రక్కు ముందు, తీగలు చాచిన బళ్లు వెనక, కోర్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి మెట్ల ముందు కీచుమని ఆగాయి. హార్లన్ తీగ గొట్టాన్ని తుపాకీలా పట్టుకుని దిగి, కిటికీలోకి చాచి, గాజు పళ్లెం దగ్గర ఆపాడు. పళ్లెం ఎత్తాడు. జిల్లా మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైంది.

"వెర్నన్, మనిషి దొరికాడు. ఇదిగో, నీ ట్రక్కులోనే" అన్నాడు హార్లన్, మెట్ల మీదికి పరిగెత్తుకొచ్చిన వెర్నన్‌తో.

"మైకు సీటు మీద పారేసింది నేనే. తప్పు నాది, ఆవిడది కాదు" అన్నాడు వెర్నన్ తల దించుకుని. గది పోయినట్టేనని లోలోపల ఏడ్చుకున్నాడు. డోయల్ అతన్ని దాటుకుంటూ వెళ్లి తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, ఫోన్ కలవలేదే! భయపడి చచ్చాను."

"నాకూ కలవలేదురా. వీళ్ల రేడియో మాత్రం నేనేం వాగానో ఊరందరికీ చెప్పిందట. పద, ఆకలేస్తోంది."

సోమవారం సమావేశంలో, గది క్లబ్బు దగ్గరే ఉండాలన్న తీర్మానాన్ని డోయల్ తానే ప్రవేశపెట్టి, తానే చెయ్యి ముందుగా ఎత్తాడు. వెర్నన్ ఆనందం పట్టలేక హార్లన్‌ను కావలించుకున్నాడు. మనసెందుకు మార్చుకున్నారని పత్రికవాళ్లు అడిగితే, ప్రజాభిప్రాయానికి తలవంచానని డోయల్ గంభీరంగా చెప్పాడు. ఆ ప్రజ మొదటి వరుసలో కూర్చుని కొడుక్కి స్వెట్టర్ అల్లుతోంది.