చక్రగృహ విద్యుద్విజయం అను మూడో స్విచ్చి కథ

సకలజగత్సముద్దీపన దీక్షాధురంధరుడైన సహస్రకిరణుడు నడినెత్తి నుంచి రవ్వంత పడమటికి ఒరిగి, భుక్తాయాసభారంతో సమస్త జీవరాశీ రెప్పలు వాల్చుచున్న శుభవేళ, ఊరి వెలుపల బళ్ళు నిలుపుకొనే స్థలంలో, గులకరాళ్ళ నేలపై, శయన పాక స్నానాగార సమన్వితమై, ఒక అల్లుడి అభిమానమంతా నెత్తిన మోస్తూ నిలిచి ఉన్నదొక మోటార్ హోమ్. దాని కథ వినదలచినవారు దగ్గరగా జరగండి. వినకూడనివాడు తోడల్లుడొక్కడే.

ఆ చక్రగృహానికి అధిపతి అల్లుడు. స్వయంకృషి పరాయణుడు, పరసలహా పరాఙ్ముఖుడు. బండి కొన్ననాడు మామగారు "ఇంటికి చక్రాలేమిటి బాబూ, కారులో బాత్రూమేమిటి?" అని అడిగి, ఆ తర్వాత దాని గురించి ఒక్క మంచి మాట అనలేదు. "మా పెద్దల్లుడు గట్టివాడు" అనడం మాత్రం మానలేదు. ఆ గట్టితనంలో తనకు కాస్త వాటా ఎప్పుడు దక్కుతుందా అని పెళ్ళినాటి నుంచీ కాచుకుని ఉన్నాడు మన వీరుడు, పాపం. మామగారిని బతిమాలి ఈ ప్రయాణానికి తీసుకొచ్చింది అందుకే.

ఇక మామగారు వృథావ్యయ విధ్వంసన వ్రతుడు. స్విచ్చి ఆపకుండా గది దాటి ఎరుగడు. ఆనాడు భోంచేసి, పేపరు చంకన పెట్టుకుని, బయటి కుర్చీలో కూర్చోవడానికి దిగుతూ, తలుపు పక్కన వరసగా ఉన్న మూడు స్విచ్చిలనూ బొటనవేలి ఒక్క రాపుతో ఆపేశారు. "ఎవడబ్బ సొమ్మనో" అని గొణిగారు కూడా. మొదటిది మెట్టు దీపానిది. రెండోది గుమ్మం దీపానిది. ఎర్రగా ఉన్న మూడోది ఆ ఇంటి పంచప్రాణాలను మోస్తున్న బ్యాటరీది. అది ఆగగానే ఫ్రిజ్జు గురక మానింది, ఫ్యాను రెక్కలు వాల్చింది, నీళ్ళ పంపు నోరు మూసింది.

సరిగ్గా అప్పుడే ఇల్లాలు బాత్రూంలో తలకు షాంపూ పట్టించి ఉంది.

"ఏవండీ, నీళ్ళాగిపోయాయి."

"ట్యాంకు నిండా ఉన్నాయే."

"ట్యాంకులో ఉంటే నాకేం లాభం, నెత్తి మీద పడాలి గాని. లైటు కూడా పోయింది. కళ్ళు మండిపోతున్నాయి. నురగ ఆరేలోపు నీళ్ళు రాకపోతే బావగారికి ఫోన్ చేసేస్తా. పక్క ఊళ్ళోనే ఉన్నారు."

బావగారంటే ఆమె అక్క మొగుడు, అనగా తోడల్లుడు, అనగా సదరు పెద్దల్లుడు. చెడిపోయిన వస్తువు ఏదైనా స్క్రూడ్రైవరుతో సగం, చిరునవ్వుతో సగం బాగుచేస్తాడు. ఆ చిరునవ్వును మన వీరుడు ఓర్వలేడు.

వెంటనే పనిముట్ల పెట్టె తెరిచి, కరెంటు కొలిచే మల్టీమీటరును గదాదండంలా ఎత్తి, "ఓరీ మాయావీ, తంత్రీజాలాంతర్గత తస్కరా! నిండు జలాశయం ఉండగా నా పంపును నిర్జీవం గావించి, నా అర్ధాంగిని అర్ధస్నాతగా నిలిపిన నీవు ఏ ఫ్యూజు మాటున నక్కినా, ఏ తీగ చాటున దాగినా, నేడు నా చేతిలో నీకు మూడినదే" అని గర్జించాడు, మనసులో. పైకి మాత్రం "ఫ్యూజు పోయినట్టుంది. ఇదిగో, అయిపోయింది" అన్నాడు.

సోఫా ఎత్తి, దాని కింది ఫ్యూజుల దుర్గం మీద పడ్డాడు. ఒక్కొక్కదాన్నీ పెరికి, కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. ఒక్కటైనా కాలి ఉంటే ఒట్టు. మనసు చివుక్కుమని, బయటికి దూకి, మెట్టు కింది బ్యాటరీ కంఠనాళం మీద మల్టీమీటరు సూదులు మోపాడు. అది నిండు ప్రాణంతో కళకళలాడుతున్నది. బ్యాటరీ బాగుంది, ఫ్యూజులు బాగున్నాయి, ఇల్లు చచ్చింది. అయితే లోపం ఆ రెంటి మధ్య ఉండాలని ఎవరికైనా తోస్తుంది. మన వీరుడు మాత్రం పోతూ వస్తూ భుజంతో ఆ మూడో స్విచ్చిని ఒరుసుకుంటూనే ఉన్నాడు గాని, కళ్ళెత్తి చూడలేదు.

"ఏమయింది బాబూ?" పేపరు దించకుండానే అడిగారు మామగారు.

"ఏం లేదు మామయ్యగారూ, చిన్న సమస్య."

"కొత్త బండన్నావుగా."

ఆ బాణం తగలవలసిన చోటే తగిలింది. లోపలి నుంచి "బావగారూ, నేనే" అన్న ఇల్లాలి మాట కూడా వినబడేసరికి, వీరుడు మళ్ళీ సోఫా కిందికి దూరి, పంపు ఫ్యూజు పెరికి, నోటితో ఉఫ్‌మని ఊది, ఉన్న బలమంతా పెట్టి నొక్కాడు.

సరిగ్గా అదే క్షణంలో, లోపల మరిచిన కళ్ళజోడు కోసం మామగారు మెట్టెక్కి, వచ్చేటప్పటి అలవాటు చొప్పున మూడు స్విచ్చిలనూ ఒక్క రాపుతో వేశారు.

పంపు గర్జించింది. నీళ్ళు దూకాయి. వీరుడు కేక పెట్టాడు.

మామగారు ఆ కేక విని, తన బొటనవేలిని చూసుకుని, అనుమానం కొద్దీ మూడోదాన్ని ఆపారు.

"మళ్ళీ పోయిందండీ" అన్నది ఇల్లాలు.

వీరుడు ఫ్యూజును మళ్ళీ నొక్కాడు. మామగారు స్విచ్చిని మళ్ళీ వేశారు. పంపు మళ్ళీ గర్జించింది. వీరుడి నమ్మకం వజ్రమైంది. మామగారికి విషయం బోధపడింది.

జీవితంలో తప్పు ఒప్పుకోని పెద్దమనిషి ఆయన. ఒప్పుకోవడానికయ్యే ఖర్చెంతో, మెచ్చుకోవడానికయ్యే ఖర్చెంతో మనసులో బేరీజు వేసి, చవకైనదాన్ని ఎంచుకున్నారు.

"గట్టివాడివే బాబూ. పెద్దల్లుడైతే ఇంత తొందరగా తేల్చేవాడు కాడు."

సోఫా కింద నుంచి తల ఎత్తిన అల్లుడికి కళ్ళు చెమర్చాయి. "ఏం లేదు మామయ్యగారూ, ఫ్యూజు కాస్త వదులైంది" అన్నాడు. కాసేపటికి ఇల్లాలు తలకు తువ్వాలు చుట్టుకుని, ఎర్రబడ్డ కళ్ళతో బయటికొచ్చి, మళ్ళీ ఫోన్ కలిపి, "అక్కర్లేదు బావగారూ, మా ఆయనే బాగుచేసేశారు" అని ఫోన్ పెట్టేసింది. ఆ మాట తోడల్లుడి చెవిన పడ్డందుకు అల్లుడి గుండె పొంగిపోయింది.

మామగారు కళ్ళజోడు తీసుకుని వెనుదిరిగారు. గుమ్మం దగ్గర బొటనవేలు తనంతట తానే లేచింది. మెట్టు దీపం ఆగింది. గుమ్మం దీపం ఆగింది. మూడోదాని మీద వేలు నిలిచింది. వెనక అల్లుడు ఫ్యూజులు ఎలా వదులవుతాయో భార్యకు వివరిస్తున్నాడు. ఆ మొహం ఒక్కసారి చూసి, ఆయన పళ్ళు బిగించి, వేలు వెనక్కి లాక్కుని మెట్టు దిగారు.

దిక్కులారా, వినండి. వృథావ్యయ విధ్వంసన వ్రతుడు ఒక స్విచ్చిని ఆపకుండా గడప దాటాడు. జయం, జయం, దిగ్విజయం.

ఆ సాయంత్రమంతా ఆయన ఒక్క వార్త కూడా చదవలేకపోయారు.