యూనియన్ పెట్టండి, చెల్లెమ్మలైపోతారు!

మీ యజమానికి మీ పేరు తెలియదా? వెంటనే యూనియన్ పెట్టండి!

నవ్వకండి. ఉండి ఊరికెళ్లే రోడ్డులో ఒక రొయ్యల ఫ్యాక్టరీకి నేను హెచ్.ఆర్. మేనేజర్ని. అనుభవంతో చెబుతున్నాను. పనివాళ్ల మీద యాజమాన్యానికి ప్రేమ పొంగుకు రావాలంటే దీన్ని మించిన మందు లేదు.

మా పీలింగ్ హాల్లో ఆడవాళ్లు పొద్దుటి నుంచి నిలబడి, ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలుస్తారు. బాత్రూంకి వెళ్లాలంటే టేబుల్‌కి ఒకటే టోకెన్. అది మెళ్లో వేసుకుని వెళ్లినావిడ తిరిగొస్తేనే ఇంకొకావిడ కదలాలి. క్రమశిక్షణ అంటే అదండీ! అయినా మండవల్లి నుంచి వచ్చే విక్టోరియాకి అది నచ్చలేదు. యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రోజే నా గదికి వచ్చింది.

"ఎన్నాళ్లండీ ఇలా బిగబట్టుకుని చావడం? ఆ టోకెన్ తీసేయండి. లేకపోతే యూనియన్ పెట్టుకుంటాం" అంది.

అంతే! మా ఎండీ అచ్యుతరావు గారు మారిపోయారు. అంతవరకు "ఏయ్, మూడో టేబులూ!" అని కేకేసే మనిషి, "విక్టోరియా చెల్లెమ్మా, మీ అత్తగారి మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగారు! ఆ మోకాళ్ల సంగతి వాళ్ల వీధిలో ఆరా తీసి చెప్పింది నేనే లెండి.

గేటు దగ్గర "మనమంతా ఒకే కుటుంబం" అని ఫ్లెక్సీ కట్టించాం. చికెన్ బిర్యానీ పెట్టించాం. విజయవాడ నుంచి మోటివేషన్ స్పీకర్ని పిలిపించాం. పాజిటివ్‌గా ఆలోచిస్తే ఎంత ఒత్తిడినైనా తట్టుకోవచ్చని ఆయన గొంతు పోయేదాకా చెప్పాడు. వింటున్నవాళ్లలో సగం మంది కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డారు. స్పీచ్ మధ్యలో టోకెన్లు ఇవ్వం కదా!

ఇక యూనియన్ కోసం వాళ్లెందుకు కష్టపడాలి? మేమే ఒకటి పెట్టి చేతికిచ్చాం. అధ్యక్షుడు ఎండీ గారి బావమరిది. ఏకగ్రీవం! చెమట చుక్క పడకుండా యూనియన్ ఇంకెక్కడైనా వస్తుందా, మీరే చెప్పండి?

విక్టోరియాకి ప్రమోషన్ కూడా ఇచ్చాం, కోల్డ్ స్టోరేజీలోకి. నడి వేసవిలో అంత చల్లటి చోటు ఎవరికి దొరుకుతుందండీ! కృతజ్ఞత లేని మనిషి, భోజనాల వేళ వచ్చి మళ్లీ అందరితో అదే యూనియన్ మాట.

ప్రేమ ఇంకా మిగిలిపోయింది కాబట్టి హెల్త్ క్యాంపు పెట్టాం. ఏలూరు నుంచి డాక్టరమ్మ ఇందుజ గారు వచ్చారు. అందరినీ పరీక్షించి మైకు అందుకున్నారు.

"మీలో చాలామందికి ఒంట్లో నీళ్లు లేవమ్మా. రోజంతా బాగా నీళ్లు తాగుతుండాలి" అన్నారు.

ముందు వరసలో ఎండీ గారు చప్పట్లు కొట్టారు. విక్టోరియా లేచింది.

"తాగుతామండీ డాక్టరమ్మగారూ. మాకు నీళ్లకేం కరువండీ, కొల్లేటి పక్కనోళ్లం. తాగాక ఎక్కడికెళ్లమంటారో కాస్త ఆయన్నడిగి చెప్పండి."

హాలంతా గొల్లుమంది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఎండీ గారి వైపు తిరిగి, జవాబు కోసం అలాగే చూస్తూ నిలబడ్డారు. ఆయన మొహం కందగడ్డ చేసుకుని లేచి వెళ్లిపోయారు.

అలాగని మాట పడి ఊరుకునే మనిషా ఆయన? మర్నాడే సమస్యను మొదలంటా తీసేశారు. పీలింగ్ హాల్లోంచి మంచినీళ్ల డ్రమ్ములు ఎత్తించేశారు! తాగకపోతే వెళ్లాల్సిన పనే ఉండదు కదండీ. ఎంత ముందుచూపు!

ఆ మధ్యాహ్నమే ఆడవాళ్లంతా రొయ్యలు ఐసులో వదిలేసి, గేటు దాటి వెళ్లి విక్టోరియా పెట్టిన యూనియన్లో చేరిపోయారు. బిర్యానీ తిన్నవాళ్లు కూడా! ఫ్యాక్టరీ మొత్తం మీద చేరనివాళ్లం ఇద్దరమే మిగిలాం, ఎండీ గారి బావమరిది, నేను.

మా ఇద్దరి గదులకీ అటాచ్డ్ బాత్రూములున్నాయండీ.